జవాబు చెప్పి లోపలికి రా

మా వదిన పోయింది. కోరుట్లలో, పోయిన వారం, పట్టపగలు. ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టి, దాని మీద కత్తెర పెట్టి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుంది. మళ్లీ లేవలేదు. ఆ కబురు ఫోన్లో చెప్పింది మా అన్న. విన్న వెంటనే నేను అన్నను ఒక ప్రశ్న అడిగాను. ఆయన ఏడుస్తూనే జవాబు చెప్పాడు. అప్పుడు నేను ఏడ్చాను.

ముందు ప్రశ్న, తర్వాత ఏడుపు. మా ఇంటికి ఈ వరస నేర్పింది ఆమే. ఏడవడం ఇంట్లో అయిపోయింది. ఇక్కడ ఆమె గెలుపు చెబుతాను.

ఫోన్ల గురించీ, ఫోన్ దొంగల గురించీ ఆసక్తిగా చదివే మీకు ఎన్నో కొత్త పేర్లు తెలుసు. నేను బడి సగంలో మానేసి, సంచిలో గ్రంథం పెట్టుకుని ఊరూరా వాక్యం చెప్పుకునేవాడిని. నాకు ఫోన్ భద్రత నేర్పిన గురువు నాలుగో తరగతి చదివిన బీడీ కార్మికురాలు.

అన్న మస్కట్‌లో ఉన్న రోజుల్లో ఇంట్లో ఫోన్ లేదు. మాటలు క్యాసెట్‌లో నింపి, సెలవు మీద ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. వదిన తన మాటలు నింపి, తిరిగి పోయేవాళ్లకు ఇచ్చేది. ఒకసారి క్యాసెట్ లేకుండానే ఒకడు వచ్చాడు. "నీ పెనిమిటి పొలం కాగితాలు తెమ్మన్నడు" అన్నాడు. అన్న పేరు, అక్కడ ఉండే గది, అన్నీ సరిగ్గా చెప్పాడు. వదిన నమ్మి ఇచ్చేసింది. ఆ కాగితాలు మళ్లీ పుట్టించుకునేసరికి రెండు పంటలు దాటిపోయాయి.

అప్పటినుంచి ఆమె ప్రతి క్యాసెట్ చివర ఒక ప్రశ్న పెట్టేది. "మన పెండ్లినాడు వాన పడితే నువ్వు ఏడ నిలబడ్డవ్?" అన్న పంపే క్యాసెట్ ఆ జవాబుతో మొదలై, ఆయన ప్రశ్నతో ముగియాలి. ఒకసారి అడిగింది మళ్లీ అడగకూడదు. మోసుకొచ్చేవాడు దారిలో విన్నా, వాడికి దక్కేది చెల్లిపోయిన జవాబే. మన ఫోనూ అవతలి కంప్యూటరూ ఒకదాన్నొకటి గుర్తుపట్టేది కూడా ఇలా ప్రతిసారీ కొత్త ప్రశ్నతోనేనని చాలా ఏళ్లకు చదివి, పరుగున పోయి వదినకు చెప్పాను. ఆకు కత్తిరిస్తూ నవ్వింది. "గా కంప్యూటర్ పెనిమిటి గూడ పరదేశం పోయిండా ఏంది?"

అన్న ఒకనాడు చెప్పకుండానే తిరిగొచ్చాడు. చిక్కిపోయాడు, నెత్తి మీద వెంట్రుకలు లేవు. వదిన గడపలో చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆఖరు క్యాసెట్ల ఒకటడిగిన. జవాబు చెప్పి లోపలికి రా."

"నేనేనే! మొఖం కనవడ్తలేదా?"

"మొఖం ఎవలడిగిండ్రు?"

అన్న చెప్పాడు. అప్పుడు చెయ్యి దించి, ఆ చేతిలోనే మొహం పెట్టుకుని ఏడ్చింది.

ఇదంతా కళ్లారా చూసి కూడా నేను తలబిరుసుతనం చూపాను. నా గొంతంటే నాకు గర్వం. మైకు లేకుండా వీధి చివరి దాకా వినపడే గొంతు. వదిన మా ప్రార్థన కూటం ఆడవాళ్లందరికీ ఫోన్‌లో ముందు ప్రశ్న అడగడం అలవాటు చేస్తుంటే, నేను లేచి గర్జించాను: "పిలుపు వినగానే లేవండి! విశ్వాసం ఉన్నవాళ్లు ప్రశ్నలు అడగరు!" ఆ వీడియో నెట్‌లో పెట్టాను. అది విని కొందరు ప్రశ్నలు మానేశారు కూడా.

ఇంటికొచ్చాక వదిన కదిలించింది. "తమ్మీ, నీ గ్రంథంల చూపు తగ్గిన తండ్రి ఉన్నడు గద?"

చిన్నకొడుకు పెద్దకొడుకు వేషంలో వచ్చి దీవెన కాజేసిన ఘట్టం అది.

"గా ముసలాయనకు గొంతు మీద అనుమానం అచ్చింది. చేతులు ముట్టి సూసిండు, బట్టల వాసన సూసిండు. నువ్వెవలివి అని గూడ అడిగిండు. దొంగనడిగితే దొంగనని చెప్తడా? పెద్దకొడుక్కు తప్ప ఎవ్వలకు ఎరుకలేనిది ఒక్కటి అడిగితే అయిపోవు గద!"

ఆ ఘట్టం ఎన్నిసార్లు బోధించానో! ఒక్కసారి కూడా ఆ మాట తట్టలేదు. తట్టనందుకు నాకు కోపమొచ్చింది గాని బుద్ధి రాలేదు.

కొద్దిరోజులకు నేను సిరిసిల్లలో ఒక సాంచాల షెడ్డు ముందు పనివాళ్లకు వాక్యం చెబుతున్నాను. మరమగ్గాల మోతలో జేబులో ఫోన్ మోగినా తెలియదు. అదే సమయంలో కోరుట్లలో వదినకు ఫోన్ వచ్చింది. నంబరు కొత్తది, గొంతు నాది. నా వీడియోల నుంచి కంప్యూటర్‌తో తయారుచేసిన గొంతు. నా ప్రసంగాల్లో వదిన ముచ్చట లేని ఆదివారం లేదు. దొంగకు ఆమె సంగతీ నేనే అందించాను.

"వదినా, నా ఫోన్ పాడయింది. ప్రార్థన కూటం పిలుపు కార్డు పంపిస్తున్న. అక్కచెల్లెండ్ల గ్రూపుల పెట్టు. అందరు ఇప్పుడే తెరవాలె."

ఆ గ్రూపును నడిపేది వదినే. నలభై మంది ఆడవాళ్లు, చాలామంది భర్తలు గల్ఫ్‌లో. ఆమె పెట్టిందంటే కళ్లు మూసుకుని నొక్కుతారు. అప్పటికే వదిన ఫోన్‌కు చేరిన ఆ కార్డును తర్వాత జగిత్యాలలో ఫోన్లు బాగుచేసే ఒక సోదరుడు పాత ఫోన్లో వేసి చూశాడు. నొక్కితే కార్డు తెరుచుకోదు, ఒక యాప్ దిగుతుంది. వచ్చే మెసేజ్‌లన్నీ, ఓటీపీలతో సహా, దొంగకు మోసుకుపోతుంది.

వదిన తొందరపడలేదు. "సరే తమ్మీ. పొద్దుగాల పోయేటప్పుడు నా చాటల ఏం పెట్టిపోయినవ్?"

 అవతలి నుంచి నా గొంతే, నా గర్జనే: "విశ్వాసం ఉన్నవాళ్లు ప్రశ్నలు అడగరు!"

నా మాట! నేను నలుగురి ముందు విసిరిన రాయిని దొంగ ఏరుకుని మా గడప మీదికే విసిరాడు.

"గా ముచ్చట మా మరిది మందిరంల చెప్తడు. ఇంట్ల నేనడిగితే పిల్లి లెక్క జవాబు చెప్తడు. నువ్వెవనివిరా?"

ఫోన్ కట్టయింది. పారిపోయాడు! నలభై ఇళ్లు దోచుకుందామని నా గొంతు తొడుక్కుని వచ్చినవాడు, నేను చాటలో పెట్టిపోయిన రెండు సీతాఫలాల ముందు ఓడిపోయాడు!

వదిన కూర్చున్నచోటు నుంచే ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. "అయ్యగారి గొంతుతోని దొంగ తిరుగుతుండు. కార్డు అస్తె ముట్టకుండ్రి." చాలామంది ముందు ఆమెకే ప్రశ్న వేశారట. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి జవాబులు చెప్పి చెప్పి ఆమె గొంతు బొంగురుపోయింది, మొహం మాత్రం వెలిగిపోతోంది.

ఆ తర్వాతి ఆదివారం అందరి ముందు నిలబడి నా తప్పు ఒప్పుకున్నాను. గర్జించకుండా చెప్పిన ప్రసంగం నా జీవితంలో అదొక్కటే. ఆ వీడియో తీసేస్తానన్నాను. వెనక వరసలోంచి వదిన అన్నది, "తీస్తే తియ్యి గని, గొంతు యాడనన్న దొరుకుతది తమ్మీ. అడుగుడు మానకుండ్రి, గంతే."

మానలేదు. నిన్న పెగడపల్లి నుంచి ఒక చెల్లెలు ఓదార్చడానికి ఫోన్ చేసి, ఓదార్పుకు ముందు నన్నే ప్రశ్న అడిగింది. నా గుండె పొంగిపోయింది.

చనిపోయిన రోజు అన్న కూరగాయలకని బయల్దేరుతుంటే వదిన ఎప్పటిలాగే ఏదో అడిగిందట. "అచ్చినంక చెప్పు" అన్నదట. ఆయన వచ్చేసరికి ఆమె లేదు.

శవపెట్టె మూసేముందు అన్న పక్కకు వచ్చి వంగాడు. ఏటీఎం దగ్గర నంబరు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టమని ఆమే మాకందరికీ నేర్పింది. అచ్చం అలాగే నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, ఆమె చెవిలో జవాబు చెప్పాడు. రెండడుగుల దూరంలో ఉన్న నాకు ఒక్క ముక్క వినపడలేదు.