మావయ్య వద్దన్న చివరి లైను

కంప్యూటరు నేర్చుకున్నవాళ్లందరూ ఒడ్డున పడిపోతారని ఊరంతా నమ్మిన రోజులవి. కోరాపుట్‌లో జిరాక్సు కొట్టు పక్కన ఒకటి, మందుల షాపు మేడ మీద ఒకటి సెంటర్లు వెలిశాయి. మా మేనమామ కూడా ఒకటి పెట్టాడు. ఆయనది బియ్యం, పప్పుల హోల్‌సేల్ వ్యాపారం. కింద గోడౌను, పైన కంప్యూటర్లు. వాటి ముందు టీచరుగా నేను. రాయగడలో డిగ్రీ, విజయనగరంలో కంప్యూటరు డిప్లొమా పూర్తిచేసి, ఉద్యోగం చేస్తానని ఇంట్లో అన్నం మానేసి మరీ పోట్లాడాను (ఒక్క పూటే మానేశాను, అది వేరే విషయం). చివరికి మా నాన్న మెత్తబడ్డారు. “మావయ్య కాడైతే ఎల్లు. దసరా దాకా సూత్తాను. గుంటలు సేరకపోతే సెంటరు మూసీసి ఇంటికొచ్చేయాల,” అన్నారు. ఇంటికొచ్చేయడమంటే ఏమిటో నాకు తెలుసు. రాయగడలో మా చింతపండు కొట్టు వెనక గదిలో అమ్మతో పాటు గింజలు తీస్తూ కూర్చోవడం. నా డిప్లొమాను ఆ గది గోడకు తగిలించుకోవచ్చు.

ఇలా నా బతుకు పిల్లల చేరికల మీద ఆధారపడి ఉండగా, నా ఖర్మకొద్దీ ఓ రోజు ఉత్తరాది నుంచి సంచీ తగిలించుకుని ఒక సేల్స్‌మన్ వచ్చాడు. అతని దగ్గర ఒక సీడీ ఉంది. హిందీలో ప్రోగ్రాములు రాయడం నేర్పే సాఫ్ట్‌వేరట. ఇంగ్లీషు ఒక్క ముక్క రాకపోయినా ఫరవాలేదట. నేను భోజనానికి వెళ్లొచ్చేలోగా మావయ్య దాన్ని కొనేశాడు. పప్పు బస్తాలోంచి గుప్పెడు తీసి నాలుగుసార్లు వాసన చూసి గాని కొనని మనిషి, నన్ను ఒక్క మాటైనా అడగలేదు. “మనూల్లో హిందీ రానోలు ఎవులున్నారమ్మీ? సినిమాలు సూడట్లేదేటి?” అన్నాడు తిరిగి నన్నే.

సినిమా హిందీ వేరు, ఈ సీడీలో హిందీ వేరు అని ఆయనకు ఎలా చెప్పను? ఏ సినిమాలోనూ హీరో హీరోయిన్‌తో ‘ఒకవేళ’కు ‘యది’, ‘లేకపోతే’కు ‘అన్యథా’ అని మాట్లాడడు. ఈ సాఫ్ట్‌వేరు మాత్రం అలాగే మాట్లాడేది. ప్రతి ఆజ్ఞనూ ముందు నా బుర్రలో ఇంగ్లీషులోకి మార్చుకుని, సునాబెడ క్వార్టర్స్ నుంచి వచ్చే తెలుగు పిల్లలకు తెలుగులోనూ, లమ్తపుట్ నుంచి బస్సులో వచ్చే బడిపంతులు గారికి ఒడియాలోనూ చెప్పేదాన్ని. ఆయన దాన్ని తన ఇంటి భాష దేశియాలో తనకు తాను ఇంకోసారి చెప్పుకునేవారు. ఇంగ్లీషు బాధ తప్పించడానికి చేసిన సాఫ్ట్‌వేరు ఇన్ని భాషల చుట్టూ తిరిగి ఇంగ్లీషు దగ్గరికే వచ్చి కూర్చునేది. దానికి తోడు కీబోర్డు. హిందీ అక్షరాలు కాగితం ముక్కల మీద రాసి, మైదా జిగురుతో మీటల మీద అంటించమన్నాడు మావయ్య. కోరాపుట్ వానలకు సగం ఊడిపోయాయి, తక్కిన సగం కింద గోడౌనులోంచి వచ్చిన బొద్దింకలు తినేశాయి. వానాకాలం వెళ్లేసరికి సెంటరులో మిగిలినవాళ్లు ఐదుగురు. అందులో ఒకావిడ ఫ్యాను కోసం వచ్చేది.

దసరా దగ్గర పడింది. అప్పుడు మావయ్యకు ఒక ఆలోచన వచ్చింది. విజయదశమి నాడు సెంటరులో పూజ చేసి, ఊళ్లోని మన వ్యాపారస్తులందర్నీ పిలిచి, హిందీ కంప్యూటరు సరుకు లెక్క ఎలా చెబుతుందో చూపిస్తే, అందరూ పిల్లల్ని చేర్పిస్తారని. నాకూ అదే ఆఖరి ఆశ. పగలనక రాత్రనక కూర్చుని ఒక ప్రోగ్రాము రాశాను. బియ్యం, కందిపప్పు, నూనె, బెల్లం, ఏది ఎన్ని బస్తాలు, ఎన్ని డబ్బాలు ఉన్నాయో వరసగా తెర మీద చెబుతుంది, ప్రింటరు మీద అచ్చు వేస్తుంది. ఆ సాఫ్ట్‌వేరు నియమం ప్రకారం ప్రతి ప్రోగ్రాములో చివరి లైను ‘సమాప్త్’ అని ఉండి తీరాలి. అది చదవగానే పని ఆపేసి, ఆ మాటను తెర మధ్యలో ఎర్రటి పెద్ద అక్షరాలతో చూపిస్తుంది. ముందు రోజు సాయంత్రం మావయ్యను పిలిచి గర్వంగా ప్రోగ్రాము నడిపించి చూపించాను.

మావయ్య మొహం మాడిపోయింది. “ఇదేటమ్మీ? బియ్యం, పప్పు, నూనె అని రాసి, కింద సమాప్తమని ఎట్టేవు?”

మా ఇళ్లలో బియ్యం డబ్బా ఖాళీ అయితే అయిపోయాయి అనరు. ‘నిండుకున్నాయి’ అంటారు. కొట్లో దీపం కొండెక్కిందంటారు గాని ఆరిపోయిందనరు. ఆ సంగతి నాకు తెలియదని కాదు. కాని అది యంత్రానికి ఇచ్చే ఆజ్ఞ, సరుకు గురించి కాదు, అని ఓపిగ్గా చెప్పాను. “ఆజ్ఞ ఎవులికిత్తన్నావు, లచ్చిందేవికా?” అన్నాడు. ఆ లైను లేకపోతే ప్రోగ్రాము ఆగదు, మళ్లీ మొదటికి పోయి తిరుగుతూనే ఉంటుంది, అన్నాను. “యాపారం ఆగకపోతే మంచిదే గదా. తీసీ,” అన్నాడు. గంటసేపు వాదించాను. విజయనగరంలో నేర్చుకున్నదంతా బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పాను. “పండగ పూట ఆ మాట నా గోడౌను మీద ఎలగడానికి ఈల్లేదు,” అని ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఒళ్లు మండి, తీసేశాను. ఏమవుతుందో ఆయనే చూస్తాడు అనుకున్నాను.

మర్నాడు వ్యాపారస్తులంతా వచ్చారు. కంప్యూటర్లకు పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. కొబ్బరికాయ నీళ్లు కీబోర్డు మీద పడకుండా నేను అడ్డంగా నిలబడ్డాను. మావయ్య సైగ చేశాడు, నేను మీట నొక్కాను. బియ్యం, కందిపప్పు, నూనె, బెల్లం. మళ్లీ బియ్యం, కందిపప్పు, నూనె, బెల్లం. ప్రింటరు కీచుకీచుమంటూ కాగితం కక్కడం మొదలుపెట్టింది. ఆ కాగితం బల్ల దిగి, నేల మీద పరుచుకుని, ప్రసాదం పళ్లెం దాకా పోయింది. ఆపబోతే మావయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. “హారతి అవ్వనీ. మజ్జిలో ఆపకూడదు.”

నేను తలదించుకుని, రాయగడ చింతగింజలు తలుచుకుంటున్నాను. అంతలో నూనె వర్తకుడొకాయన కాగితం చివర పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. “సరుకు తరగట్లేదు సూసేవా,” అన్నాడు పక్కాయనతో. పక్కాయన తల ఊపాడు. ప్రింటరులో కాగితాలయ్యేదాకా అందరూ చేతులు జోడించి నిలబడ్డారు. తర్వాత నూనె వర్తకుడు నా దగ్గరికొచ్చి, “మా గుంటలిద్దర్నీ పంపుతాను. అయితే హిందీ ఒద్దమ్మి. అది మాకే వచ్చు. ఇంగ్లీషుది సెప్పు,” అన్నాడు. తక్కిన వాళ్లందరిదీ అదే మాట. నేనేం నేర్పినా, ఏం నేర్పకపోయినా వాళ్లు చేరేలా ఉన్నారు. ఇన్ని నెలల నా గొంతునొప్పికి అర్థమేమిటని నాకు ఏడుపొచ్చింది.

అందరూ వెళ్లాక నేల మీద కూర్చుని కాగితం మడతపెడుతున్నాను, మూతి ముడుచుకుని. మావయ్య కిందనుంచి మా నాన్నకు ఫోను చేస్తున్నాడు. గట్టిగా మాట్లాడితే గాని రాయగడకు వినపడదని ఆయన నమ్మకం. “నాను పంపను బావా. గుంటలు సేరినా సేరకపోయినా పంపననే అనుకున్నాను. ఇప్పుడు సేరేరు గూడాను. అంత బుర్రున్న పిల్లని తెచ్చి గింజలు తీయిత్తావేటి?”

ఆ మాట విని నేను కరిగిపోయానని రాస్తే బాగుండేది. కాని ఆ వయసు అలాంటిది కాదు. మర్నాడు షట్టరు తీయగానే, చివరి లైను ఉండి తీరాల్సిందేనని మళ్లీ వాదనకు దిగాను. ఆయన బస్తాలు లెక్కపెట్టుకుంటూ, “ఊఁ, సెప్పు, ఇంటన్నాను,” అన్నాడు. ఇప్పటికీ ఆ వాదనలో నాదే రైటంటాను. కాకపోతే అంత ధీమాగా ఆయనతో పోట్లాడిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. రాయగడ పంపేస్తారనే భయం ముందు రోజు ఆ ఫోను మాటతోనే పోయిందని, అందుకే అంత గొంతు లేచిందని, పాపం దానికి తెలియదు.