మంచుబండి కింద మజ్బూస్ పళ్ళెం

ఆ రోజుల్లో నాకు తెలియని పని లేదు. అంటే, తెలియదని చెప్పే అలవాటు లేదు. ఖతర్‌కు వచ్చి ఉమ్ సలాల్‌లో ఒక పెద్దింట్లో డ్రైవర్‌గా కుదిరిన కొత్తలో, ఏసీ బాగుచేయడం వచ్చా అంటే వచ్చన్నాను. మేకకు సూది వేయడం వచ్చా అంటే అదీ వచ్చన్నాను. (మేక బతికింది. ఆ గొప్పతనం మేకదే.) ఒక్క "తెలుసు" అనే మాటతో గల్ఫ్ అంతా ఏలవచ్చని నా నమ్మకం. ఆ నమ్మకం ఒక శుక్రవారం మధ్యాహ్నం అతిథులందరి ముందూ నెయ్యిలాగా కారిపోయింది.

ఆ ఇంటి పెద్దాయనను పనివాళ్ళమంతా బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ అనేవాళ్ళం. ఆయన కొడుకు చిన్న బాబా. చిన్న బాబా ఏదో చలిదేశానికి విహారం వెళ్ళి, మంచు మీద పరుగెత్తే బండిని చూసి మనసు పారేసుకుని, దాన్ని ఓడలో తెప్పించుకున్నాడు. ముందు చక్రాలకు బదులు రెండు పొడవాటి పలకలు, వెనక యుద్ధట్యాంకుకు ఉన్నట్టు రబ్బరు పట్టా. మా ప్రొద్దుటూరు వైపు మంచు అంటే సోడా బండి మీద గోనెసంచి కింద దాక్కునే ఐసుగడ్డే కాబట్టి, నేను దాన్ని మొదట పడవ అనుకున్నాను. చిన్న బాబా దాన్ని మేకల కొట్టం పక్క షెడ్డులో ఉంచి, సాయంత్రాలు ఇసుక మీద నడిపేవాడు. మంచు తగిలి చల్లబడవలసిన బండి ఇసుకలో ఏం చల్లబడుతుంది? కాసేపటికే టీ కెటిల్‌లా ఆవిరి కక్కేది. మేము ఐసు బస్తాలు భుజాన వేసుకుని వెనకే పరుగెత్తేవాళ్ళం. అలా తిరిగి తిరిగి, రాళ్ళు గీసుకుని బండి పొట్ట కింది ప్లాస్టిక్ పగిలింది. దానికి రక్షణగా బిగించే అల్యూమినియం తొడుగు ఒకటి విదేశం నుంచి వచ్చింది. చిన్న బాబా పెట్టె విప్పకుండానే నా చేతికిచ్చాడు.

"ఇది బిగించడం మాలూమ్?" అన్నాడు.

"మాలూమ్ బాబా."

"శుక్రవారం నా దోస్తులు భోజనానికి వస్తారు. తిన్నాక బండి చూపిస్తా. బాగుంటే నీ లీవు ఓకే. లేకపోతే మాఫీ ఛుట్టీ, లీవే లేదు."

ఆ లీవు కోసమే నేను ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నాను. నేను ఇక్కడికి వచ్చాక పుట్టిన నా కూతుర్ని ఫోన్లో తప్ప చూడలేదు. పుట్టువెంట్రుకలు తీయించడానికి నా కోసమే ఆగారు.

"ఏమయ్యా, వస్తాండావా లేదా?" అంది మా ఆవిడ ఆ సాయంత్రం. "ఏడాది లోపల గుండు చేపియ్యల్లని మాయమ్మ పోరుతాంది. జుట్టు కండ్లల్లో పడి బిడ్డ ఒకటే నలుపుకుంటాంది."

"వస్తాండా. నేను లేకుంటే ఈడ పని జరగదు, అదీ తిప్పలు."

"ఏం పని అంత పెద్దది?"

"మంచుబండికి రక్షణ కవచం కట్టల్ల."

"నువ్వుండేది ఎడారి గదయ్యా?" అంది చాలా మెల్లగా, జ్వరం ఉన్నవాణ్ణి అడిగినట్టు.

పెట్టె విప్పాను. లోతు తక్కువ తొట్టిలాగా ఉంది. అంచులు పైకి లేచి ఉన్నాయి, చుట్టూ బోల్టులకు రంధ్రాలు, మధ్యలో అచ్చు గుద్దిన మంచుబండి బొమ్మ. ఎండలో పెట్టి విప్పానేమో, పట్టుకోగానే వేళ్ళు చురుక్కుమన్నాయి. చల్లారాక చూద్దామని వంటింటి వెనక గడప మీద నీడలో పెట్టాను. పెట్టి, మరిచిపోలేదు. రోజూ చూస్తూనే రేపు చేద్దామనుకున్నాను. (అది ఎప్పుడో చల్లారింది. నేనే వేడెక్కలేదు.)

శుక్రవారం పొద్దున చూస్తే గడప మీద తొడుగు లేదు. వంటింట్లోకి పరుగెత్తాను. మా వంటాయన నిజామాబాద్ మనిషి, అందరికీ చాచా.

"చాచా, గడప కాడ పెట్టిన బండి సామాను చూసినావా?"

"నా బావర్చీఖానాల బండి సామాను ఎందుకుంటది రా? పొట్టేలు దమ్ముల ఉన్నది. నా దిమాక్ ఖరాబ్ చెయ్యకు, జా!"

బయటికి వచ్చేసరికి గోడకు ఆనించి ఒక పాత అల్యూమినియం పళ్ళెం కనిపించింది. అతిథులకు మజ్బూస్ (మన బిర్యానీకి అరబ్బు అన్న అనుకోండి) వడ్డించే పళ్ళెం. నిండితే ఇద్దరు మోయాలి, అంత పెద్దది. చాచా ఎందుకో దాన్ని బయట పడేశాడు. ఎందుకు పడేశాడని ఆలోచించి ఉంటే ఈ కథ లేదు. నేను మాత్రం దేవుడే పంపాడనుకుని సుత్తితో కొట్టి కోలగా చేసి, డ్రిల్లుతో రంధ్రాలు పెట్టి, బండి పొట్టకు బిగించేశాను. చిన్న బాబా వంగి చూసి, తట్టి, "జైన్, జైన్" అన్నాడు, బాగుందని. నా కళ్ళ ముందు విమానం లేచింది.

మధ్యాహ్నం మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, అందరూ తివాచీ మీద కూర్చున్నారు. వడ్డనకు చెయ్యి వెయ్యమని చాచా పిలిచాడు. అన్నం గుట్ట మీద పొట్టేలు దర్జాగా పడుకుని ఉంది. పళ్ళానికి అటు ఆయన, ఇటు నేను పట్టుకుని ఎత్తగానే, పైకి లేచిన అంచులు నా చేతికి తెలిసిపోయాయి.

"చాచా, ఇదేంది?"

"కొత్త పళ్ళెం. మామా తెప్పిచ్చినట్టుంది. ఏ కంపెనోడో గాని సుట్టూ బొక్కలు పెట్టిండు. దమ్ము పోతదని పిండి పెట్టి మూసిన."

"ఇది బండిది చాచా!"

"ఇయ్యాల్టికి పొట్టేలుది. నడువు!"

అతిథులు తింటున్నకొద్దీ అన్నం కింద నుంచి బొమ్మ లేస్తోంది. ముందు ఒక పలక కనబడింది, తర్వాత హ్యాండిలు. "మాషా అల్లా! పళ్ళెం మీద కూడా నీ బండేనా!" అని ఒక దోస్తు మెచ్చుకున్నాడు. చిన్న బాబా గర్వంగా నవ్వి, ఆ నవ్వు సగంలో ఆపేశాడు. సరిగ్గా అప్పుడే ఒక పిండి బిరడా మెత్తబడి ఊడింది. పెద్ద బాబా తెల్లని థోబ్ (అరబ్బుల పొడుగు చొక్కా) మీదికి నెయ్యి ధారగా కారింది.

"ఎవరు పెట్టారిది?" అన్నాడు చిన్న బాబా, చాచా వైపు తిరిగి.

చాచా నన్ను చూశాడు. నేను నోరు తెరవలేదు. నా కూతురి జుట్టు, విమానం, లీవు కాగితం, అన్నీ నా నాలుక మీద కూర్చున్నాయి. ఆ మౌనం పెద్దదేమీ కాదు, కానీ ఇప్పటికీ తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది. చివరికి, "నేనే బాబా. నాకీ పని తెలియదు. తెలుసని అబద్ధం చెప్పాను," అన్నాను. ఖతర్‌లో నేను పలికిన మొదటి "తెలియదు" అది.

అందరూ చేతులు కడుక్కుని షెడ్డుకు బయలుదేరారు. వంగి చూస్తే బండి పొట్ట కింద వాళ్ళింటి పాత పళ్ళెం. "ఎలాగూ పెట్టాడు కదా, నడిపి చూడు!" అని దోస్తులు పట్టుబట్టారు. చిన్న బాబా ఎర్రబడ్డ మొహంతోనే బండి ఎక్కాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా మేకలను మేతకు పిలవాలంటే పళ్ళెం మీద కర్రతో కొట్టడమే పద్ధతి. బండి కదిలి ఒక్కొక్క రాయీ పళ్ళానికి తగులుతుంటే ఠంగు ఠంగుమని మోగసాగింది. కొట్టంలో మేకలు తలెత్తాయి. తడిక తోసుకుని వచ్చి, మందకు మంద బండి వెంట పడింది. ముందు చిన్న బాబా, వెనక మేకలు, వాటి వెనక ఐసు బస్తాలతో మేము. ఆయన ఎంత వేగం పెంచితే మేత అంత ఎక్కువ ఉందనుకుని అవి అంత పరుగెత్తాయి.

పెద్ద బాబా, నెయ్యి మరకల థోబ్‌తోనే, ఇసుకలో కూలబడి నవ్వాడు. కళ్ళు తుడుచుకుని కొడుకుతో, "ఇతన్ని తొందరగా లీవు మీద పంపించు. ఇంట్లో మిగిలిన సామానైనా దక్కుతుంది," అన్నాడు.

ఆ పళ్ళెం ఇక వడ్డనకు పనికిరాదని చాచా దాన్ని నా సామానుకు తాడుతో కట్టాడు. "తీస్కపో. నీ బొక్కలు నువ్వే మోసుకో," అన్నాడు. గుండు చేయించిన రోజు నా కూతురి జుట్టు అందులోనే పట్టాం. వెంట్రుకలు రంధ్రాల్లోంచి జారుతుంటే మా అత్త కింద కొంగు పట్టి, నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టింది.

నేనింకా ఉమ్ సలాల్‌లోనే ఉన్నాను. ఎవరేం అడిగినా "తెలియదు, నేర్పితే చేస్తాను" అంటున్నాను. పని తగ్గుతుందేమోనని భయపడ్డాను గానీ, పెరిగింది. అమ్మాయి ఇప్పుడు బడికి పోతోంది. శుక్రవారాలు ఫోన్ చేస్తే, ఆ పళ్ళాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని ఒక రంధ్రంలోంచి నన్ను చూస్తుంది.

"నాయనా, నువ్వు మంచు చూసినావా?"

"లేదమ్మా."

"మరి మంచుబండి?"

"బాగు చేసినా," అనబోయి, ఆ రంధ్రంలో నవ్వుతున్న కన్నును చూసి, "చెడగొట్టినా," అంటాను.