మూడు రాత్రుల సైకిలు

వనపర్తి పాత బజారులో ఒక సైకిలు దుకాణం ఉంది. అక్కడ కొత్త సైకిలు కొన్నవాళ్లకు అదే రోజు బండి ఇవ్వరు. డబ్బు కట్టినా సరే, మూడు రాత్రులు బండి దుకాణంలోనే ఉండాలి. నాలుగో పొద్దున వచ్చి తీసుకుపోవాలి. ఈ సంగతి ఊళ్లో చాలామందికి తెలుసు. నాగర్‌కర్నూలులో పుట్టి ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చిన నాకు మాత్రం, నాకే అవసరం పడేదాకా తెలియలేదు.

అవసరం మా చెల్లెలిది. వనపర్తికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని పల్లెకు ఇచ్చాం ఆమెను. పిల్లలు పెద్దవాళ్లయ్యాక, పక్క ఊరి అంగన్‌వాడీలో ఆయా పని దొరికింది. ఆమె జీవితంలో తన పేరు మీద వచ్చిన మొదటి కాగితం అది. ఊరికీ ఊరికీ మధ్య నాలుగు కిలోమీటర్లు, కాలువ గట్టు దారి. ఆటో నిండితేగానీ కదలదు. మా బావ మోటారు సైకిలు పొద్దున ఆరింటికే ఆయనతో వెళ్లిపోతుంది. చిన్నప్పుడు నాగర్‌కర్నూలులో నా సైకిలు దొంగతనంగా తీసుకుపోయి నేర్చుకున్న విద్య చెల్లెలికి ఇంకా గుర్తుంది. సైకిలు మీద పోతానంది.

వాళ్ల అత్త వద్దంది. ముగ్గురు పిల్లల తల్లి సైకిలెక్కితే ఊరు నవ్వుతుందని ఆమె భయం. ఆ వారం నేను వెళ్లి వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని రెండు గంటలు వాదించాను. ముప్పై ఏళ్లుగా కల్వకుర్తి నుంచి గద్వాల దాకా, ఎవరు పిలిచినా పోయి మూఢనమ్మకాల మీద, ఆడవాళ్ల హక్కుల మీద మాట్లాడినవాణ్ణి. ఒక అత్తను ఒప్పించలేనా అనుకున్నాను. చివరికి ఆమె చేతులు దులిపి లేచింది.

"నీ నోటికి నేను సాలను అల్లుడా. తొక్కనీ. గని ఒక్కసారి పడిందంటే, ఆ దినంతోనే బందు. సైకిలు బందు, కొలువు బందు. ఒప్పుకుంటవా?"

ఒప్పుకున్నాను. చెల్లెలిని అడగకుండానే ఒప్పుకున్నాను. సైకిలు నేనే కొనిస్తానని కూడా చెప్పాను. సోమవారం ఆమె పనిలో చేరాలి.

శనివారం పొద్దున ఆ దుకాణానికి వెళ్లాను. దుకాణం నడిపే ముసలాయన లుంగీ పైకి కట్టి, ఒక చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని స్పోకులు బిగిస్తున్నాడు. ఊళ్లో అందరూ ఆయన్ని చాచా అంటారు. నేను బండి ఎంచుకున్నాక ఆయన తల ఎత్తకుండానే అన్నాడు:

"మంగళారం పొద్దుగాల రాండ్రి సార్."

"నాకు సోమవారానికి కావాలె చాచా."

"ఇయ్యాల కొంటే ఇయ్యాల ఇయ్య. మూడు రాత్రులు ఈడనే ఉండాలె. మా దుకాణం రివాజు."

బెంచీ మీద పంక్చరు కోసం కూర్చున్న రైతు అందుకున్నాడు. "ఆయన హస్తవాసి గసుంటిది సార్. మూడు రాత్రులు ఈడ ఉంటే బండికి ఏ పీడ తాకది. మా నాయిన కొన్న సైకిలు నేను తొక్కుతున్న, అగో సూడుండ్రి."

పీడ అన్న మాట వినగానే నాలోని ఉపన్యాసకుడు లేచి నిలబడ్డాడు. ఇనుముకు పీడేమిటి, రబ్బరుకు దిష్టేమిటి అన్నాను. చంద్రుడి మీదికి మనిషిని పంపిన కాలంలో చక్రాన్ని మూడు రాత్రులు నిద్రపుచ్చేవాళ్ల వల్లే ఈ దేశం ఇట్లా ఉందన్నాను. పక్క దుకాణం వాళ్లు కూడా బయటికి వచ్చి విన్నారు. బాగానే మాట్లాడాను. ముసలాయన ఒక స్పోకును వేలితో మీటి, ఆ చప్పుడు విని, ఇంకొంచెం బిగించాడు.

"మీటింగుల శాన బాగ చెప్తరట సార్, ఇన్న. ఈడ మైకు లేదు, గొంతు నొస్తది. జర చాయ్ తాగుండ్రి."

బెంచీ మీది రైతు నవ్వాడు. నేను చాయ్ తాగలేదు. ఒక్క సోమవారం మా చెల్లెలు ఆటోలో పోతే సరిపోయేది. ఆ ఆలోచనే రాలేదు నాకు.

అక్కడి నుంచి నేరుగా కొత్త రోడ్డు మీది పెద్ద దుకాణానికి వెళ్లాను. బియ్యం సంచులు, ప్లాస్టిక్ కుర్చీలు, ప్రెషర్ కుక్కర్లు దాటి లోపలికి పోతే, ఒక వరసలో సైకిళ్లు. ముందు బుట్ట ఉన్న ఎర్రటి ఆడవాళ్ల సైకిలు ఒకటి, పాత బజారు ధరలో సగానికి. చల్లటి గాలి. ముహూర్తం లేదు, రివాజు లేదు, హస్తవాసి లేదు. ధర అతికించి ఉంది, బిల్లు ముద్రించి ఇచ్చారు, ఏడాది వారంటీ కార్డు మీద స్టాంపు వేశారు. ఇదీ ఆధునికత అంటే అనుకున్నాను. ఆ బండిని ఎవరు బిగించారని అడగలేదు. ఎత్తి చక్రం తిప్పి చూడలేదు. జీవితమంతా తాయెత్తులను తెంపమని చెప్పినవాణ్ణి, ఆ కార్డును మడిచి చొక్కా జేబులో, గుండె మీద పెట్టుకున్నాను.

ట్రాలీ ఆటోలో బండిని ఊరికి తీసుకుపోయాను. అత్త చుట్టూ తిరిగి చూసి, "బొమ్మ లెక్క ఉంది" అని లోపలికి పోయింది. చెల్లెలు వీధి చివరి దాకా తొక్కి వెనక్కి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది, కానీ దిగుతూ అంది:

"అన్నా, మలిపితే నా కాలు ముందల చక్రానికి తాకుతుంది. హ్యాండిలు గూడ దానంతట అదే పక్కకు వాలుతుంది."

"కాలు సక్కగ పెట్టుకో. ఇరవై ఏండ్లాయె నువ్వు తొక్కక. అలవాటైతది" అన్నాను.

ఆ మాట మీద నేను చాలాసార్లు ఆలోచించాను. ఎవరేం చెప్పినా స్వయంగా పరీక్షించుకోమని వందల సభల్లో చెప్పినవాణ్ణి. నా ముందు ఒక మనిషి పరీక్షించి, తేలినదేదో రెండు వాక్యాల్లో చెప్పింది. నేనేమో ఆమె కాలిని తప్పుపట్టాను. బండి మీద నమ్మకం, ఆమె మీద అపనమ్మకం. రెండింటికీ నా దగ్గర రుజువు లేదు.

తొమ్మిది రోజులు ఆమె కాలు లోపలికి ముడుచుకుని తొక్కింది. పదో రోజు, బుధవారం, కాలువ మోరీ దగ్గర మలుపులో ఎదురుగా గొర్రెల మంద వచ్చింది. హ్యాండిలు గట్టిగా తిప్పింది. చెప్పు చక్రంలో ఇరుక్కుంది. మోచెయ్యి చెక్కుకుపోయింది, పై పెదవి పగిలింది. ఎముకలు బాగానే ఉన్నాయి.

మరునాడు పొద్దున నేను వెళ్లేసరికి సైకిలు గోడకు ఆనించి ఉంది. అంగన్‌వాడీ టీచరు సోమవారం దాకా గడువు ఇచ్చింది, అప్పటికీ రాకపోతే వేరేవాళ్లను చూసుకుంటామంది. అత్త నన్ను చూసి కేకలు వేయలేదు. మామూలుగా చెంబుతో నీళ్లిచ్చి ఒక్క మాట అంది.

"మాటంటే మాటే గద అల్లుడా."

చెల్లెలు వాచిన పెదవిని కొంగుతో అద్దుకుంటూ గోడ వైపు తిరిగి కూర్చుంది. తనను అడగకుండా నేను ఒప్పుకున్న షరతు కింద ఆమె ఉద్యోగం పోతోంది. ఆమె నావైపు చూడకపోవడమే నాకు తిట్టినట్టయింది.

బండిని మళ్లీ ఆటోలో వేసుకుని పట్నం వచ్చాను. పెద్ద దుకాణంలో కార్డు చూపించాను. కింద పడ్డ బండికి వారంటీ ఉండదన్నారు. కార్డు వెనక అదే రాసి ఉంది. చదవలేదు నేను. ఇక పాత బజారుకు పోక తప్పలేదు.

ఆటో ఇంకా ఆగనే లేదు, ముసలాయన దుకాణం మెట్టు మీది నుంచే అన్నాడు:

"సార్, చిమ్టా ఉల్టా ఉంది."

ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టి ఉంచే కడ్డీల జతను ఆయన చిమ్టా అంటాడు. అది కొస దగ్గర కాస్త ముందుకు వంగి ఉండాలి. ఈ బండికి వెనక్కి తిప్పి బిగించారు. దాంతో చక్రం కాళ్ల దగ్గరికి జరిగింది, ముందుండవలసిన బ్రేకు వెనక దాక్కుంది. పన్నెండు రోజులుగా నా కళ్ల ముందున్న సంగతి, ఆయనకు వీధి అవతలి నుంచి కనపడింది.

ఆయన చక్రం ఎత్తి తిప్పాడు. అది అటూ ఇటూ ఊగుతూ తిరిగింది. స్పోకులు వరసగా మీటాడు. కొన్ని మోగాయి, కొన్ని మూగగా ఊరుకున్నాయి.

"డబ్బాల కెల్లి తీసిండ్రు, బిగించిండ్రు, నిలబెట్టిండ్రు. గ్రీజు సుక్క లేదు. ఎవలు తొక్కి సూడలె. చిమ్టా నేను సక్కగ జేస్త. గని ఇనుము మెత్తన సార్, శానా దినాలు రాదు." ఆగి, "ఎవరన్న పడ్డరా?" అని అడిగాడు.

"మా చెల్లె."

ఆయన చాయ్ తెప్పించాడు. ఈసారి తాగాను. తాగుతూ, పన్నెండు రోజుల కింద అడగవలసిన ప్రశ్న అడిగాను.

"చాచా, ఆ మూడు రాత్రులు ఎందుకు?"

ఆయన కళ్లద్దాలు పైకి తోసి నన్ను వింతగా చూశాడు. "ఇన్నేండ్ల సంది ఎవ్వరు అడగలె సార్. మీరు గూడ అడగలె. స్పీచ్ ఇచ్చి పోయిండ్రు."

చెప్పాడు. కంపెనీ నుంచి బండి ముక్కలుగా వస్తుంది. చక్రం తానే అల్లుతాడు. కొత్త స్పోకులు ఎంత బిగించినా, మనిషి బరువు పడగానే కాస్త సాగి సర్దుకుంటాయి. వదులవుతాయి. బ్రేకు తీగ కూడా అంతే. అందుకని మొదటి రోజు బిగించి, మరునాడు తెల్లవారి ఆ బండి మీదే నమాజుకు పోతాడు, అటు నుంచి కూరగాయల మార్కెట్‌కు పోతాడు. వచ్చి వదులైనవి బిగిస్తాడు. ఆ మరుసటి రోజూ అంతే. నాలుగో పొద్దున తొక్కి వచ్చాక ఏదీ వదులు కాకపోతే, అప్పుడు బండి కొన్నవాడిది.

"మరి గదే చెప్పొచ్చు గద! పీడ అని జనం అంటుంటే ఊకుంటవెందుకు?"

"స్పోకు సాగుతదంటే, 'గంతేనా, ఇంటికాడ బిగించుకుంట' అని ఎత్కపోతరు. పీడ అంటే ఆగుతరు. వాళ్లే అనుకున్నరు, నేను అనలె. నాకు బండి మంచిగుంటే సాలు."

"అది తప్పు చాచా. రేపు నీ తర్వాత దుకాణం నడిపేటోడు మూడు రాత్రులు బండిని ఊకెనే మూలకు పెడ్తడు. తొక్కడు, బిగించడు. రివాజు మిగుల్తది, పని పోతది."

ఆయన చేతిలోని పానాను పక్కన పెట్టాడు. "గది నిజమే" అన్నాడు. తర్వాత, "మీరే చెప్పుండ్రి సార్. మీకు మైకు ఉంది."

ఆ రోజే ఆయన దగ్గర నల్లటి సైకిలు ఒకటి కొన్నాను. ఆదివారం రమ్మన్నాడు. ఎర్రదాన్ని బాగుచేయబోతుంటే ఆపాను. ఉల్టా ఉన్నది ఉన్నట్టే మళ్లీ ఆటో ఎక్కించి ఊరికి తీసుకుపోయాను.

అత్త వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఈసారి హక్కుల గురించి మాట్లాడలేదు. బండి నిలబెట్టి, ఆమె చెప్పు ఒకటి అడిగి పెడలు మీద పెట్టాను. "హ్యాండిలు తిప్పు అత్తా" అన్నాను. తిప్పింది. చెప్పు చక్రానికి తగిలి కింద పడింది. మళ్లీ పెట్టి, ఈసారి తనే రెండో వైపు తిప్పింది. మళ్లీ పడింది. వంగి ఆ కడ్డీల వంపును చేత్తో తడిమింది. ఆమె యాభై ఏళ్లు సేద్యం చేసిన మనిషి.

"గుంటుక ఉల్టా కట్టిండ్రు ముండకొడుకులు" అంది. కలుపు తీసే గుంటుకను తిరగేసి కడితే భూమి తెగదు, ఎద్దులే గుంజుకుని చస్తాయి. ఆ సంగతి నాకు ఆమే చెప్పింది.

"ముందు దినమే చెప్పింది అత్తా. కాలు తాకుతుందని నాకు చెప్పింది. నేనే ఇనలె. పడింది నా వల్ల, ఆమె వల్ల కాదు. పాత బజార్ల ఇంకో బండి కొన్న, ఆదివారం ఇస్తడు."

అత్త చెల్లెలి వైపు తిరిగింది. "చెప్పినవా?"

"చెప్పిన."

"నాకెందుకు చెప్పకపోతివి మరి?"

"చెప్తే బందు జేస్తవని."

అత్త చేతిలోని కాయ పిసికి గింజలు చేటలో వేసింది. ఇంకో కాయ అందుకుంటూ అంది: "గుంటుక ఉల్టా కట్టి ఎద్దును కొట్టేటోళ్లం కాదు మేము. ఇంకోటి కొంటివి గద. తేపో. గని ఈ తాప నేను సూసినంకనే ఎక్కాలె."

ఆదివారం చెల్లెలే దుకాణానికి వచ్చింది. బండి ఇచ్చే ముందు ముసలాయన ఆమెతో సందులో ఆ చివరికీ ఈ చివరికీ రెండుసార్లు తొక్కించాడు. "ఏమన్న సప్పుడైతుందా బేటీ? ఏడనన్న గుంజుతుందా?" అని అడిగి, ఆమె చెప్పేదాకా ఆగాడు. సీటు ఒక వేలు కిందికి దించమంది. దించాడు. ఎనిమిది కిలోమీటర్లు తొక్కుకుంటూ ఇంటికి పోయింది. అక్కడ అత్త చెప్పు పెట్టి రెండు వైపులా తిప్పి చూసిందట.

సోమవారం తొమ్మిదికి ముందే అంగన్‌వాడీ తలుపు తీసింది. ఇప్పటికీ తీస్తూనే ఉంది.

నేను ఇప్పటికీ సభలకు పోతాను. బల్మూరులోనో, గద్వాలలోనో, ఎందుకని అడగండి అన్న పాత మాట దగ్గరికి రాగానే, నేను అడగని మూడు రాత్రుల సంగతి చెప్తాను. జనం నవ్వుతారు, నా మీదే. ఫరవాలేదు. ఒకసారి ఒకాయన లేచి, సగం ధరకు దొరికేదాన్ని వదులుకోమంటే పేదవాడు ఏం చేయాలని అడిగాడు. మంచి ప్రశ్న. మా ఇంట్లో ఆ సగం ధర బండి ఖరీదు ఒక పగిలిన పెదవి, త్రుటిలో తప్పిన ఒక ఉద్యోగం అని చెప్పాను. కానీ చేతిలో ఆ సగమే ఉన్నవాడికి నా జవాబు సరిపోదు. అతనికి కనీసం చక్రం ఎత్తి తిప్పి చూడమని, తొక్కి చూడనిదే డబ్బు ఇవ్వొద్దని చెప్పగలిగాను.

మొన్న చెల్లెలు ఫోన్ చేసింది. వెనక చక్రంలో కిర్రుమంటోందట.

"ఎప్పుడు కిర్రుమంటుంది? తొక్కినప్పుడా, తొక్కకుండ ఊకె ఉరికినప్పుడా?" అని అడిగాను.

"తొక్కినప్పుడే. గట్టెక్కేటప్పుడు ఎక్కువ."

కాగితం తీసి, ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకుని పాత బజారుకు బయలుదేరాను.