నతానియేలు సాయంత్రం ఫొటోలు మానేసిన సంగతి

నర్సీపట్నం బస్సు కాంప్లెక్సు దాటి కొంచెం లోపలికి వెళితే చెప్పుల కొట్టుకీ మందుల కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఒక ఫొటో స్టూడియో ఉంది. దాని యజమాని నతానియేలు. వయసు యాభై దాటింది. సన్నటి మనిషి, మెడ కాస్త ఎడమకి వాలి ఉంటుంది. అన్నేళ్ళుగా కెమెరా సంచి ఒకే భుజాన మోస్తే ఎవరి మెడైనా అలాగే అవుతుందని ఆయన భార్య సోఫియా అంటుంది.

ఆయన పని నేర్చుకున్నప్పుడు ఫొటో అంటే నాలుగు గోడల మధ్య పని. వెనకాల పూల తెర, ఒక స్టూలు, రెండు లైట్లు, గోడకి అద్దం, తాడుకి కట్టిన దువ్వెన. మనుషులే వచ్చి కూర్చునేవారు. తరవాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. స్టూలు మీద కూర్చునేవాళ్ళు తగ్గిపోయారు. మిగిలింది పెళ్ళిళ్ళు, పెళ్ళికి ముందు జంటలు తీయించుకునే అవుట్‌డోరు ఫొటోలు. వాటికి గోడలు పనికిరావు. జీడితోటలు కావాలి, కొండలు కావాలి, కొయ్యూరు వైపు వాగులు కావాలి. మోకాళ్ళు నొప్పి పెట్టే వయసులో నతానియేలు పని గది వదిలి అడవిలోకి పోయింది.

అడవిలో దోమలు ఉన్నాయి.

ఫొటో తీసేవాడి సంగతి దోమకి బాగా తెలుసు. రెండు చేతులూ కెమెరా మీదుంటాయి, ఒక కన్ను మూసి ఉంటుంది, ఊపిరి బిగబట్టి ఉంటాడు. అప్పుడే వచ్చి వేళ్ళ కణుపుల మీద, చెవి వెనక వాలుతుంది. కొట్టుకుంటే ఫొటో కదిలిపోతుంది. అందుకని కింది పెదవి ముందుకి చాచి మొహం మీదికి ఊదుకోవడం నేర్చుకున్నాడు. దోమల క్రీము రాసుకుంటే వేలిముద్ర లెన్సుకి అంటి బొమ్మ మసకబారేది. పెళ్ళికూతుళ్ళకి రాసుకోమంటే మేకప్ జారిపోతుందని ఒప్పుకునేవారు కారు. గడ్డిలో కాయిల్ వెలిగించి పెడితే ఆ పొగ వెలుగుకి అడ్డంగా తేలేది. ఫొటోలు చూసినవాళ్ళు, ‘మంచు భలే పడిందండీ’ అని మెచ్చుకునేవారు. ఆయన అవునని తల ఊపేవాడు.

మలేరియా ఆయనకి అప్పటికే రెండుసార్లు వచ్చి తగ్గింది. రెండోసారి మంచం దిగాక సోఫియా గట్టిగానే చెప్పింది.

“పొద్దుటి పూట ఎక్కడికైనా ఎల్లండి, నానేమీ అనను. సందేళ అడివిలో ఉండొద్దు.”

సరేనన్నాడు. కానీ జంటలన్నిటికీ సాయంత్రపు వెలుగే కావాలి. సూర్యుడు దిగే వేళ బంగారం రంగు పడుతుంది కదా. దోమలు లేచేది కూడా ఆ వేళకే.

ఒక సంవత్సరం వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ధర్మతేజ అనే కుర్రవాడు స్టూడియోకి వచ్చాడు. మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. పెళ్ళి కుదిరింది. అమ్మాయి పేరు సత్యశ్రీ, కోటవురట్ల దగ్గర చెరకు రైతుల పిల్ల, ప్రైవేటు బడిలో టీచరు. అతను ఫోనులో ఒక వీడియో చూపించాడు. కొయ్యూరు దారిలో ఒక వాగు, నీళ్ళ మధ్య బండలు, వెనక కొండ.

“ఇక్కడే కావాలన్నా. సాయంత్రం.”

“ఈ నెల్లో వొద్దు బాబూ. నీళ్ళు నిలవున్నాయి, దోమలు ఎక్కువ. లేదంటే పొద్దున్నే ఎల్దాం.”

“పొద్దున్న ఆ కలర్ రాదు కదన్నా.”

మర్నాడు ఫోనులో మళ్ళీ అదే మాట నడిచింది. ఆ తరవాతి రోజూ నడిచింది. ఆఖరికి నతానియేలు సరేనన్నాడు. అతని మాట నచ్చి కాదు, వాదించే ఓపిక లేక.

ఆ రోజు వాగు దగ్గర సత్యశ్రీ అద్దెకి తెచ్చిన ఎర్రటి పొడుగు గౌను వేసుకుంది. చేతులు లేని గౌను. పాదాలు నీళ్ళలో పెట్టి బండ మీద కూర్చోవాలి. మొదట నవ్వుతూనే కూర్చుంది. ఎండ చల్లబడేసరికి భుజాలు కొట్టుకోవడం మొదలుపెట్టింది. చేతుల మీద దద్దుర్లు లేచాయి. నతానియేలు చెవుల చుట్టూ కూడా ఒకటే దోమల మోత.

“తేజా, సేతులు మండిపోతున్నాయి. ఎల్లిపోదాం” అంది.

“ఇంకొక్కటి. సూరీడు కొండకి తగలనీ. కొంచెం ఓర్సుకో, లైఫ్‌లో ఒక్కసారే కదా!”

ఆమె నతానియేలు వైపు చూసింది. చాలని ఆయన అంటాడేమోనని చూసిందని ఆయనకి తెలుసు. ‘వెలుగు పోయింది’ అని ఆయన ఒక్క మాటంటే చాలు, ధర్మతేజకి ఎదురు చెప్పే వీలుండదు. కానీ ఆ మాట అంటే మళ్ళీ వాదన, మళ్ళీ ఇంకో రోజు ఇంత దూరం రావడం. నడుము లాగేస్తోంది. ఎలాగో ముగిస్తే ఇంటికి పోవచ్చు.

“కదలకండమ్మా” అన్నాడు.

ఆమె కదలలేదు. సూర్యుడు కొండకి తగిలేదాకా నవ్వుతూ కూర్చుంది.

రెండు వారాలు దాటాక ఒక ఆదివారం, చర్చిలో పాట మధ్యలో నతానియేలు వెన్నులో చలి పుట్టింది. ఆ చలి ఆయనకి పాత చుట్టమే. పక్క వరసలో ఉన్న సోఫియా ఆయన చేతిలో పాటల పుస్తకం వణకడం చూసింది. బయటికి తీసుకొచ్చి ఆటో ఎక్కించింది.

ఆస్పత్రిలో రక్తపరీక్ష గది ముందు బల్ల మీద ఒక అమ్మాయి తల్లి భుజాన వాలి కూర్చుని ఉంది. జుట్టు రేగిపోయింది, పెదవులు ఎండిపోయాయి. నతానియేలు గుర్తుపట్టలేదు. ఆమే కళ్ళు తెరిచింది.

“అన్నయ్యా, మీకూనా?” అంది సత్యశ్రీ.

తల్లి సింహాద్రమ్మ తలెత్తింది. “ఏటి, ఫొటోలాయన నువ్వేనా? పెళ్ళి పెట్టుకున్న గుంటని ఆ దోమల్లోకి ఎందుకు తీసుకెల్నావయ్యా? నీకు తెల్దా అక్కడ ఎలాగుంటాదో?”

“తెలుసమ్మా. సాలని నాను సెప్పాల్సింది, సెప్పలేదు.”

ఆవిడ ఇంకా ఏదో అనబోయింది. కానీ మాట పూర్తయ్యేలోగా ఆయనకి వణుకు ఎత్తుకుంది. పళ్ళు టకటక కొట్టుకున్నాయి. సోఫియా ఒక్కతే పట్టుకుంటే ఆగడం లేదు. సింహాద్రమ్మ ఒక క్షణం చూసి బల్ల మీద పక్కకి జరిగింది.

“కూసో. నిలబడితే పడిపోతావు” అంది, ఇంకా కోపంగానే.

ఇద్దరికీ మలేరియానే అని తేలింది. ఇద్దరినీ ఆస్పత్రిలో ఉంచుకున్నారు. మగవాళ్ళ వార్డూ ఆడవాళ్ళ వార్డూ ఒకే వరండాలోకి తెరుచుకునేవి. జ్వరం దిగిన పూట ఇద్దరూ వచ్చి వరండాలో కూర్చునేవారు. ఎక్కువ మాటలుండేవి కావు. “మీకు సలి వొచ్చిందా?” “ఇంకా లేదమ్మా. నీకు?” “ఇప్పుడే సెమట పట్టి తగ్గింది.” అంతే. ఇంకొకరికి చెప్పినా తెలియని సంగతి కాబట్టి, ఆ రెండు ముక్కలే ఇద్దరికీ ఊరటగా ఉండేవి.

ధర్మతేజ సెలవు పెట్టుకుని వచ్చాడు. సత్యశ్రీకి వణుకు వచ్చినప్పుడు మంచం చివర కూర్చుని రెండు పాదాలూ గట్టిగా పట్టుకునేవాడు. ఒక మధ్యాహ్నం నతానియేలు మంచం దగ్గరికి వచ్చాడు.

“ఓర్సుకోమన్నది నేనే అన్నా” అన్నాడు.

“కదలొద్దన్నది నాను బాబూ.”

ధర్మతేజ మంచం పక్కనున్న సీసాలో నీళ్ళు నింపి తెచ్చి పెట్టి వెళ్ళిపోయాడు.

జ్వరం తగ్గింది కానీ అమ్మాయికి ఓపిక రాలేదు. కార్తీకంలో ముహూర్తం. శుభలేఖలు పంచడం కూడా అయిపోయింది. పెట్టిన ముహూర్తం వెనక్కి జరపడం మంచిది కాదని ధర్మతేజ వాళ్ళ పెద్దలు పట్టుబట్టారు. కుర్చీ వేసి కూర్చోబెట్టైనా తాళి కట్టించేస్తే సరిపోతుందన్నారు. అప్పుడు ధర్మతేజ అడ్డం తిరిగాడు.

“ఆ పిల్ల లెగిసి నిలబడ్డప్పుడే పెళ్ళి. అప్పటిదాకా నన్ను పిలవకండి” అని ఫోను ఆపేసి కూర్చున్నాడు. వారం రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. దిగివచ్చింది పెద్దలే. మార్గశిరానికి మార్చారు. ఈ సంగతి తరవాత నతానియేలుకి సింహాద్రమ్మే ఫోనులో చెప్పింది. చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో అల్లుడి మీద కొంచెం గర్వం కూడా వినిపించింది.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక నతానియేలు ఆ వాగు ఫొటోలు కంప్యూటరులో తెరిచాడు. ఒక్కటి కూడా చెడలేదు. ఆయన జీవితంలో తీసిన వాటిలో మంచివని చెప్పుకోదగ్గవి. కొండ అంచున సూర్యుడు, నీళ్ళ మీద బంగారం, పెళ్ళికూతురి మొహంలో నవ్వు. ఆ నవ్వు వెనక ఏముందో చూసినవాడికి తప్ప తెలియదు. ఎప్పుడూ చేసే రంగుల దిద్దుబాటు కూడా చేయబుద్ధి కాలేదు. ఉన్నవి ఉన్నట్టే సత్యశ్రీకి పంపాడు.

ఆమె ఫోను చేసింది. “బాగున్నాయి అన్నయ్యా. కానీ ఇవి మండపం దగ్గర పెట్టొద్దు. ఒకరోజు పొద్దున్న మా ఇంటికి రండి.”

వెళ్ళాడు. ఆమె జుట్టు సగానికి సగం రాలిపోయింది. మొహంలో ఎముకలు తేలాయి. ధర్మతేజా వచ్చాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. ఎదురుగా చెరకు బండి వెళుతుంటే పశువులు చూసి అరిచాయి. ఎలా కూర్చోవాలో, ఎటు చూడాలో ఆయన ఏమీ చెప్పలేదు. నాలుగు ఫొటోలు తీశాడు. సింహాద్రమ్మ ఆయనకి ఇడ్లీ పెట్టి, తినేదాకా ఎదురుగా నిలబడింది.

పెళ్ళి బాగానే జరిగింది. అరుగు మీది ఫొటోల్లో ఒకటి పెద్దది చేయించి మండపం ముందు పెట్టారు. నతానియేలు మధ్యమధ్య కుర్చీలో కూర్చుంటూ పని ముగించాడు. సోఫియా సంచి పట్టుకుని వెంటే తిరిగింది. జీలకర్ర బెల్లం వేళ పెళ్ళికూతురు ఆయనని చూసి, ‘బాగున్నారా’ అన్నట్టు తలాడించింది. ఆయన కూడా అలాగే తలాడించాడు.

అప్పటినుంచి సాయంత్రపు పని ఒప్పుకోవడం మానేశాడు. వానాకాలంలో వాగుల వైపు అసలే వెళ్ళడు. ఊళ్ళో కుర్రాళ్ళు డ్రోన్లు కొన్నారు. జంటలు వాళ్ళ దగ్గరికి పోతున్నాయి. అందులో ఆయనకి బాధా లేదు, గొప్పా లేదు. వేసవిలో ఒకసారి మళ్ళీ చలి తగిలితే మందుల కోర్సు పూర్తిగా వాడాడు. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది.

మొన్న స్టూడియోలో ఉండగా, సాయంత్రం ఫొటోలు కావాలని ఎవరో ఫోను చేశారు.

“పొద్దుట ఆరింటికైతే వొస్తాను బాబూ” అన్నాడు నతానియేలు.

“అంత పొద్దున్నే ఎవులు లెగుస్తారన్నా?” అంది అవతలి గొంతు.

“అదీ నిజమే” అని ఫోను పెట్టేశాడు.

అన్నం క్యారియరు తెచ్చి స్టూలు మీద కూర్చున్న సోఫియా కుట్టు పని పక్కన పెట్టి, “ఎవులండీ?” అని అడిగింది.

“ఎవులో పెళ్ళోరు. వాళ్ళకి కుదరదంట.”

“పోనీలెండి. అన్నం తిందురు రండి” అంది. ఆయన లేచి, మోకాలు పట్టుకుని ఒక్క క్షణం ఆగి, షట్టరు సగానికి దించాడు.