ఐలయ్య బావ సాకిన మేక

మహబూబాబాద్‌లో మా చర్చికి కప్పు వేయించిన మేక నాది కాదు. ఈ మాట నేను ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పలేదు.

కోత పండుగకు మా చర్చిల్లో విశ్వాసులు కోడో, గుమ్మడికాయో, వడ్ల మూటో తెచ్చి అర్పిస్తారు. ఆరాధన తర్వాత వాటిని వేలం వేస్తారు. ఒక్కోసారి పాడుకున్నవాళ్లు కూడా ఆ వస్తువును తిరిగి దేవునికే ఇచ్చేస్తారు, అప్పుడు మళ్లీ పాట మొదలవుతుంది. ఆ ఏడు సుగుణక్క తెచ్చిన పాడిమేకను నేను పాడుకొని, అలాగే తిరిగి ఇచ్చాను. చప్పట్లు మోగాయి, రెండు పాటల డబ్బూ చర్చి కప్పుకు చేరింది. తర్వాత కప్పు పూర్తయిన రోజు సంఘపెద్ద ఒకాయన "ఇది ప్రభాకర్ ఇచ్చిన మేకతో లేచిన కప్పు" అంటూ నా మెడలో దండ వేశాడు. సుగుణక్క ఆడవాళ్ల చాప మీదే ఉంది. నేను దండ సర్దుకున్నానే తప్ప నోరు విప్పలేదు.

తర్వాత నేను జనగామకు మారి దుకాణం పెట్టుకున్నాను. మొన్న ఆదివారం అక్కడి మా కొత్త పాస్టరు గారు ధారాళంగా ఇవ్వడం గురించి ప్రసంగిస్తూ ఎవరో చెప్పగా విన్న ఆ మేక సంగతే ఎత్తుకున్నారు. నావైపు చూసి నవ్వారు కూడా. ఆ మధ్యాహ్నమే సుగుణక్కను కలవాలని నిశ్చయించుకున్నాను. శనివారం పొద్దున దుకాణం మా ఆవిడకు అప్పగించి, ఎనిమిది గంటలకు జనగామ స్టేషన్‌లో రైలెక్కాను.

కాజీపేట దాకా తలుపు దగ్గరే నిలబడాల్సి వచ్చింది. అక్కడ సీటూ దొరికింది, వేడి ఇడ్లీలూ దొరికాయి. పదిన్నరకు మహబూబాబాద్‌లో దిగి ఆటోలో చర్చికి వెళ్లాను. ఆవరణ ఊడుస్తున్న దేవదానం నన్ను గుర్తుపట్టాడు.

"సుగుణక్కనా? భూపాలపల్లికి పోయింది గదన్నా, బిడ్డ దగ్గరికి. అల్లునిది బొగ్గుబాయిల నౌకరి. రేపు ఆడ కోత పండుగ."

పాస్టరు లేని రోజుల్లో కూడా ఆమె ఒక్క ఆదివారం మానలేదట. ఎవరూ రాకపోయినా ఊడ్చి, గంట కొట్టి, ఒక్కతే పాట పాడుకొని, ప్రార్థన చేసుకొని పోయేదట. "గా గంట ఆగలే కాబట్టే మేమందరం మల్ల వచ్చినం" అన్నాడు దేవదానం. గోడ పక్కన ఆమె నాటిపోయిన పాదు నుంచి పెద్ద గుమ్మడికాయ ఒకటి కోసి నా చేతిలో పెట్టాడు. "ఆమె పాదు కాయ. ఆమెకే ఇయ్యి."

నర్సంపేట మీదుగా హనుమకొండ వెళ్లే బస్సులో ఆ కాయను పక్క సీట్లో పెట్టాను. కండక్టరమ్మ ఆగి చూసింది. "ఏందన్నా, గీమెకు టికెట్ ఎవరు కొంటరు?"

వెనక నుంచి ఒక అవ్వ అందుకుంది. "ఆడమనిషైతే ఫిరీనే గద బిడ్డా! ఆధార్ కార్డు అడుగు!"

బస్సంతా నవ్వింది. ఆ ఆదివారం తర్వాత నేను నవ్వడం అదే మొదలు. హనుమకొండలో భోజనం చేసి బస్సు మారాను. పరకాల దాటాక రోడ్డుకు రెండు వైపులా పత్తి తెల్లగా విచ్చుకొని ఉంది. సాయంత్రం ఐదింటికి భూపాలపల్లి చేరి, బస్టాండు దగ్గర లాడ్జిలో సంచి పడేసి, సుగుణక్క కూతురి ఇంటికి వెళ్లాను.

సుగుణక్క కాయను ఒళ్లో పెట్టుకొని నిమిరింది. "నా పాదు ఇంక కాస్తున్నదా తమ్మీ!"

"అక్కా, ఆ మేక సంగతి..." అని మొదలుపెట్టి ఆగిపోయాను.

"గా మేకనా? ఇచ్చింది దేవుడు, సాకింది మా ఆయన. నేను తాడు పట్టుకొని తెచ్చిన, గంతే." కాయకు అంటిన మట్టి చేత్తో తుడిచింది. "ఆయన పోయిన ఏడే గదా అది. నా పేరుకేంది గాని, ఆయన పేరు ఒక్కసారి చెప్తరేమోనని చూసిన."

కూతురు అన్నానికి పిలిచింది.

ఆదివారం సుగుణక్క ఆ కాయను అర్పించమంటే నేనే మోసుకెళ్లి ముందు పెట్టాను. ఆరాధన అయ్యాక వేలంపాట మొదలైంది. పాట పాడించే యువకుడు గుమ్మడికాయ ఎత్తి, "గిది ఎవరిదన్నా? మీదేనా?" అని నన్నే అడిగాడు. లేచి నిలబడ్డాను. "సుగుణక్కది" అన్నాను. ఆ తర్వాత మేక కథ మొదటి నుంచి చెప్పాను. దాన్ని సాకింది ఆమె భర్త ఐలయ్య అనీ, ఆయన ఆ ఏడే ప్రభువు దగ్గరికి వెళ్లాడనీ చెప్పాను. సుగుణక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ కాయను ఎవరు పాడుకున్నా తిరిగి ఇచ్చేస్తుంటే పాట ఎంతకీ తెమల్లేదు. చివరికి పాడుకున్న లారీ డ్రైవరు, "ఇగ చాలు, ఆకలైతున్నది!" అంటూ దాన్ని వంటవాళ్లకు అప్పగించాడు. అందరం గుమ్మడికాయ పులుసుతో అన్నం తిన్నాం.

మూడు గంటల బస్సుకు సాగనంపడానికి సుగుణక్క నా వెంట వచ్చింది, చేతిలో సకినాల డబ్బాతో. ఇన్నాళ్లూ దేవుని కార్యమంటే పైకి కనిపించే కప్పే అనుకున్నాను. ఒక్కతే కొట్టిన గంట, గోడ పక్కన పెట్టిన పాదు కూడా ఆయన పనులేనని ఈ రెండు రోజుల్లో చూశాను. అయినా ఒక మాట మిగిలే ఉంది. చర్చిలో అందరికీ నిజం చెప్పాను గానీ, ఆమెకు చెప్పాల్సింది చెప్పలేదు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. మెట్టు మీద నుంచి మళ్లీ కిందికి దిగాను.

"అక్కా, ఆ రోజు నేను మర్చిపోలే. తెలిసే ఊకున్న. దండ కోసం బావ పేరు మింగిన. తప్పయింది, నన్ను మాఫ్ చెయ్యి."