తాడు పట్టే వరస

నల్లమలలో చెంచుల మాటలు, వరసలు రాసుకునే పని నాది. పని ఇష్టమే. ప్రాణం తోడేసింది మా తెల్లదొర. కడప బళ్లో తెలుగు చెప్పుకుంటున్న నన్ను దుబాసీగా తెచ్చుకున్న ఆ పండితుడికి, చెంచులు మనలాగే తెలుగు మాట్లాడటం పెద్ద లోటుగా తోచింది. "అసలు భాష ఎక్కడ దాచారో అడుగు" అని రోజూ నా మీద పడేవాడు. దాచుకోవడానికి అదేమన్నా బెల్లమా?

ఆ ఎండాకాలం ఆయనకు కొత్త పిచ్చి పట్టింది. చెంచు మనిషి కొండ అంచున తాడుకు వేలాడుతూ తేనెపట్టు కోస్తుంటే ఫొటో తీయాలట. మాకు మాటలు చెప్పే చెంచును అడిగితే ఇప్పుడు కుదరదన్నాడు.

"తాడు పట్టేది నా పెండ్లాం తమ్ముడు సామీ. పోలీసోళ్ల కాడ హాజరు పలకను ఆత్మకూరు పోయినాడు. వచ్చినంక దిగుతా."

ఇంకెవరైనా పట్టుకోకూడదా అని దొర.

"నా పానమంతా ఆ తాడు మీద ఉండాది. అక్క ముండమొయ్యకూడదని వాడైతే ఇడిసిపెట్టడు. వేరేవోళ్లకేం?"

దొరకు భలే ముచ్చటేసింది. శ్రద్ధగా రాసుకున్నాడు. రాసుకుని, "సరే, నువ్వు పట్టుకో" అన్నాడు నాతో! నాకు ఒళ్లు మండిపోయింది. విన్నది బుర్రకెక్కితే కదా. దిగితే జొన్నల మూట ఇస్తానన్నాడు. ఇంట్లో గింజ లేదు కాబోలు, చెంచు పెళ్లాం ముందుకొచ్చింది.

"నన్ను అక్కా అని పిల్చు సామీ. పిల్చి పట్టుకో."

ఆ వరసలన్నీ వాళ్ల నోట చెప్పించుకుని రాసుకున్నవాణ్ని, ఇప్పుడు పుస్తకం మూసి కింద పెట్టాను. ఆమె కదలకుండా నిలబడింది. "అక్కా" అన్నాను.

తాడు చెట్టుకు ఒక చుట్టు వేసి కొస నేను పట్టుకున్నాను. అతను దిగాడు. తేనెటీగలు లేచాయి. అరచేతులు మండుతున్నాయి. "కొంచెం ఎడమకు లాగు, మొహం మీద ఎండ పడాలి" అని వెనక నుంచి దొర కేకలు. నేను వినలేదు. ఆమె నా చేతులే చూస్తోంది.

మొహమంతా వాచిపోయి, పట్టుతో పైకొచ్చాడు మనిషి. దొర కెమెరా మీంచి తలెత్తి, మబ్బు అడ్డొచ్చిందంటూ మళ్లీ దిగమని చెయ్యి ఊపాడు. చెంచు జొన్నల మూట వైపు చూసి తాడందుకోబోయాడు. నేను లాక్కున్నాను.

"దిగినదానికి మూట ఇచ్చేయండి. మళ్లీ దిగడు" అన్నాను.

"ఎందుకు?"

"మా అక్క ఒప్పుకోదు."