మునిగిందా, విరిచిండ్రా

మొన్న చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద ఒకతను స్తంభానికి పోస్టరు అంటిస్తుంటే, బకెట్లో కలిపిన మైదా లై వాసన మైలుతుత్తం ఘాటుతో సహా ముక్కుకు తగిలింది. వచ్చిన బస్సును వదిలేసి అక్కడే నిలబడ్డాను. అది మా బాపు ఆదివారాల వాసన.

బాపు సర్కారీ ఫ్యాక్టరీలో టర్నరు. సముద్రం ఎన్నడూ చూడలేదు. ఆయనకు తెలిసిన నీళ్లల్లా పురానాపూల్ కింద మూసీవే, అవీ వానాకాలంలో తప్ప మోకాలు దాటేవి కావు. అట్లాంటి మనిషికి పాత యుద్ధనౌకల పిచ్చి ఎట్లా పట్టిందో కార్వాన్‌లో మా గల్లీవాళ్లెవరికీ అంతుపట్టలేదు. ఆదివారం పొద్దున్నే రద్దీ కాగితాల దుకాణం నుంచి పాత ఇంగ్లీషు పత్రికలు మోసుకొచ్చి, చాప మీద పరిచి, ఓడ బొమ్మ కనిపిస్తే చాలు కత్తిరించేవాడు. పొయ్యి మీద లై ఉడికిస్తూ, ఉన్న పిండంతా ఓడలకే పోతే ఇంట్లో పూరీలెట్లా అని అమ్మ గొణిగేది. లై పూయడం నా పని. పాత క్యాలెండరు కాగితాల వెనక బొమ్మ అంటించాక, కింద పేరు, దేశం, ఫిరంగులు, చివరన ‘గతి’ అని రాసేవాడు బాపు. రుజువు దొరక్కుండా గతి రాయకూడదన్నది ఆయన పట్టుదల. చాలావాటికి మునిగింది, కాకపోతే విరిచిండ్రు. ఏ కొద్దిటికో ‘ఉన్నది’ అని రాసే భాగ్యం దక్కేది.

మునిగిన ఓడలంటే బాపుకు గౌరవం, కొట్లాడి పోయింది కదా అని. దెబ్బలన్నీ కాచుకుని బతికొచ్చినదాన్ని సుత్తెలతో, గ్యాసు కట్టర్లతో ముక్కలు చేసి తుక్కు కింద అమ్మారని చదివితే మాత్రం ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదు. ఇనుము చెక్కి బతికే మనిషికి ఇనుము మీద అంత జాలి.

నానమ్మ లెక్క వేరు. పక్కనే కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, ప్రతి ఓడకూ “మునిగిందా, విరిచిండ్రా?” అని అడిగేది. మునిగిందంటే ఆమె చేతులు ఆగిపోయేవి. విరిచారంటే, మంచిగైందని మళ్లీ గింజల్లో పడేది. బాపుకు ఉడుకుమోత్తనం వచ్చేది.

ఆమె భయమంతా తమ్ముడి గురించి. రాజయ్య తాత రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో తండ్రితో లొల్లి పెట్టుకుని బొంబాయి పారిపోయాడు. ఒక నది పేరున్న యుద్ధనౌకలో వంటవాడిగా ఎక్కాడని, బొంబాయి వెళ్లొచ్చిన కార్వాన్ వ్యాపారి చెప్పిందే చివరి కబురు. పోయిన పెద్దల పేరున పంతులుకు బియ్యం ఇచ్చే పెత్రమాస నాడు ఇల్లంతా తంగేడు, గునుగు పూల వాసన. చేట నిండా చిక్కుడుకాయలు, చామగడ్డలు. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ కాబట్టి మాకు కొత్త పావడాల సంబరం. నానమ్మ మాత్రం తమ్ముడి పేరున చేటలో ఒక పిడికెడు బియ్యం పోసేది, మళ్లీ తీసేది, మళ్లీ పోసేది. ఇస్తే బతికున్నవాణ్ణి చంపినట్టు, ఇవ్వకపోతే చచ్చినవాణ్ణి పస్తు పెట్టినట్టు.

ఒక పెత్రమాస ముందటి ఆదివారం, చిరిగిన పత్రికలో ఆ నది పేరు బాపు కంటబడింది. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు. యుద్ధం అయిపోయాక ఆ ఓడను అమ్మేశారట, రేవులో విరిచేశారట. వేరే ఓడైతే ఆ పూట అన్నం మానేసేవాడే. లేచి వెళ్లి నానమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

“అమ్మా, మామ ఓడ మునగలే. విరిచిండ్రు.”

ఆమె చింతపండు పళ్లెం పక్కకు జరిపింది. “మనుషులు దిగినంకనే విరుస్తరు గద?”

“దిగినంకనే.”

దిగినవాడు ఇంటికెందుకు రాలేదని ఆమె అడగలేదు. బాపూ ఆ మాట ఎత్తలేదు. ఆ పెత్రమాసకు చేటలోని పిడికెడు బియ్యం తీసి ఇంటి బియ్యం కుండలో పోసేసి, “ఇంట్ల బువ్వ తినేటోనికి బియ్యమియ్యరు” అంది నానమ్మ. ఎందుకో నాకు ఏడుపొచ్చింది, సంతోషంగానే.

ఇప్పుడు ఆ రద్దీ దుకాణం ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టుంది. ఎంత మైలుతుత్తం కలిపినా బాపు కాగితాలను చెదలు వదల్లేదు. అన్ని ఓడల గతి రాసినాయన కాగితాల గతి అట్లా అయింది. బాపు పోయాడు, అంతకు చాలా ముందే నానమ్మా పోయింది. మొన్నటి పెత్రమాసకు పురానాపూల్ దగ్గరి గుడిలో వాళ్లిద్దరి పేర్లు చెప్పి బియ్యం ఇచ్చాను.

“ఇంకెవరన్నా ఉన్నరా అమ్మా?” అని అడిగారు పంతులుగారు.

రాజయ్య తాతకు ఇప్పటికి నూరేళ్లు దాటి ఉంటాయి.

“ఉన్నడు” అన్నాను.

పేరు చెబుతానేమోనని ఆయన కాసేపు చూశారు. నేను చేటలో మిగిలిన పిడికెడు బియ్యం కొంగున ముడేసుకుని, ఇంటికొచ్చి కుండలో పోశాను.